ఇద్దరి లెక్క, ముగ్గురి లెక్క

(కాకినాడలో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు కోసం కొద్దిగా సరిచేసినది)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆమె పేరు మీ చేతుల్లోని ఆహ్వానపత్రం మీద ఉంది. నేను మళ్లీ చెప్పను. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ నర్సమ్మే. ఆమె పిల్లలు నన్ను పిలవడానికి వచ్చినప్పుడు, ఇది వైద్యం విషయం కదా, డాక్టరుని పిలవండి అన్నాను. "అమ్మకి జబ్బుల మీద కోపం లేదండి. పైనుంచొచ్చే కాగితాల మీదే కోపం. ఆ కాగితాలు పుట్టేచోట కూర్చున్నవాళ్లు కావాలి మాకు" అన్నారు. కూర్చున్నమాట నిజమే. శాసనసభ విలేకరుల గ్యాలరీలో ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. అక్కడ నిద్ర బాగా పట్టేది, ముఖ్యంగా వైద్య ఆరోగ్య శాఖ పద్దు మీద చర్చప్పుడు.

ఇక్కణ్ణుంచి దక్షిణంగా బస్సెక్కితే గంటలో యానాం. పెద్దవాళ్లు ఆ ఊరిని కల్యాణపురం అనేవారు. అంత అందమైన పేరు ఎలా వచ్చిందో ఈ తరానికి తెలియకపోవచ్చు. 1929లో కేంద్ర శాసనసభ శారదా చట్టం చేసింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరం. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. అప్పుడు యానాం ఫ్రెంచివాళ్లది, ఇంగ్లీషువాళ్ల చట్టం అక్కడ చెల్లదు. ఇంకేముంది, పెళ్లివారంతా యానాం దారి పట్టారు. తొమ్మిదేళ్ల పెళ్లికూతుర్ని తీసుకెళ్లి అక్కడ తాళి కట్టించి, అప్పగింతలు ముగించుకుని, తెల్లారేసరికి ఇంటికి. శారదా చట్టంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. చేసినవాళ్లకు శిక్ష పడుతుందేగాని, జరిగిన పెళ్లి రద్దు కాదు. ఆ పిల్ల పెళ్లయిన పిల్లే.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. అయితే ఈ కథలో పెళ్లికూతురికి ఒక్క మాటా లేదని గమనించారా? వయసు ఎంత ఉండాలో శాసనసభ చెప్పింది. ఎక్కడ చేయాలో తండ్రి చెప్పాడు. ముహూర్తం పురోహితుడు చెప్పాడు. ఆ పిల్ల బండిలో కూర్చుంది. తొంభై అయిదేళ్ల తర్వాత కూడా స్త్రీల ఒంటికి సంబంధించి మనం చేసే చట్టాల్లో బండి తోలేవాళ్లు మారుతున్నారే తప్ప, ఆ పిల్ల కూర్చున్న చోటు పెద్దగా మారలేదని నాకు అనిపిస్తుంది. ఇవాళ చెప్పదలచింది అదే.

శారదా బిల్లుకు మద్రాసులో గట్టిగా అండగా నిలిచినవారిలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఒకరు. ఆంధ్ర జిల్లాలు మద్రాసులో ఉన్న రోజులు కాబట్టి ఆమె మన శాసనసభ్యురాలు కూడా. బ్రిటిష్ ఇండియాలో చట్టసభలో అడుగుపెట్టిన మొదటి మహిళ. 1927లో మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలయ్యారు. స్వయానా వైద్యురాలు. లేతవయసు తల్లులు కాన్పులో పోవడం కళ్లారా చూసిన మనిషి. ఆడపిల్లల్ని గుడికి అంకితం చేసే ఆచారాన్ని మాన్పించాలని తీర్మానం పెట్టింది కూడా ఆమే. దాని కోసం ఆమె తెచ్చిన బిల్లు చట్టం కావడానికి 1947 దాకా పట్టింది. అప్పటికి ఆమె సభలోనే లేరు. గాంధీగారి అరెస్టుకు నిరసనగా 1930లోనే రాజీనామా చేశారు.

నేను ఆమె అభిమానిని. అయినా ఆ కథకు రెండో పక్క ఉంది, చెప్పకపోతే తప్పు. ఎవరి కోసమైతే ఆ చట్టమో ఆ దేవదాసీలే మద్రాసులో సంఘం కట్టి, మమ్మల్ని అడక్కుండా మా గురించి చట్టం ఏమిటని ప్రభుత్వానికి విన్నపాలు పెట్టుకున్నారు. అందులో బెంగుళూరు నాగరత్నమ్మగారు ఉన్నారు. నాగరత్నమ్మగారంటే మనకు తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి గుర్తొస్తుంది. అంతకుముందే ఆమె ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి అచ్చువేయించారు. స్త్రీ కోరిక గురించి స్త్రీ రాసిన ఆ కావ్యాన్ని అసభ్యమని అప్పటి ప్రభుత్వం నిషేధిస్తే, ప్రకాశం పంతులుగారు అధికారంలోకి వచ్చాక గాని ఆ నిషేధం పోలేదు. చిన్నపిల్లల్ని అంకితం చేయడం ఆపాలన్న ముత్తులక్ష్మి మాట నూటికి నూరుపాళ్లు న్యాయం. మమ్మల్ని అడగండి అన్న నాగరత్నమ్మ మాట కూడా న్యాయమే. రెండిటికీ చోటిచ్చే తీరు ఆ సభకు తెలియలేదు. ఇప్పటి సభలకు తెలుసునని నేను పూచీ పడలేను.

ఇక నా కాలానికి వస్తాను.

1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. మంచి చట్టం. 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడోవంతు పదవులు ఆడవాళ్లకు వచ్చాయి. ఆ చట్టంలోనే 19వ సెక్షన్‌లో చిన్న ఉపనిబంధన ఒకటి పెట్టారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీ చేయడానికి అనర్హులు. గెలిచాక మూడో బిడ్డ పుడితే పదవి పోతుంది. ఒక ఏడాది గడువిచ్చారు. అంటే 1995 మే నెలాఖరు లోపల పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నా లెక్కలోకి రారు.

ఇది ఎవరికి తగిలిందో నిదానంగా చూడండి. యాభై అయిదేళ్ల మోతుబరికి ఆరుగురు పిల్లలు. అందరూ గడువుకు ముందే పుట్టినవాళ్లు. ఆయన దర్జాగా నామినేషన్ వేశాడు. రిజర్వేషన్ వల్ల మొదటిసారి గడప దాటిన ఇరవై నాలుగేళ్ల కోడలు అప్పుడే కనే వయసులో ఉంది. అనర్హత ఆమెకు. కనాలా వద్దా అని ఆ ఇంట్లో ఆమెను అడిగింది ఎవరు? అత్తగారికి మనవడు కావాలి, మొగుడికి వంశం కావాలి, చట్టానికి ఇద్దరే కావాలి. ఒక చేత్తో ఇచ్చిన కుర్చీని ఇంకో చేత్తో లాగేసుకోవడమంటే ఇదే.

ఇంకో సంగతి. ఈ నిబంధన వార్డు మెంబరుకు, సర్పంచికి, మున్సిపాలిటీవాళ్లకు. దాన్ని పాస్ చేసిన ఎమ్మెల్యేలకు లేదు, ఎంపీలకు లేదు. అయిదుగురు పిల్లల తండ్రి సభలో చేయెత్తి, ముగ్గురు పిల్లల తల్లి పంచాయతీకి తగదని తేల్చవచ్చు.

ఊళ్లలో ఇది ఎలా నడిచిందో నర్సమ్మగారికి తెలిసినంతగా నాకు తెలియదు. నామినేషన్ల వారం వచ్చిందంటే ఆమె ఇంటి అరుగు మీద రెండు పార్టీలవాళ్లూ కూర్చునేవారట. ఆమె దగ్గరున్న కాన్పుల రిజిస్టరు కావాలి వాళ్లకు. ఎదుటివాడి మూడో బిడ్డ ఏ తేదీన పుట్టాడో అందులో ఉంటుంది. పుట్టిన తేదీ దిద్దమని ఒకడు, దిద్దనివ్వొద్దని ఒకడు. పెళ్లాం కడుపుతో ఉంటే పుట్టింటికి పంపేసి, పుట్టిన బిడ్డను తోడికోడలి పేర రాయించినవాళ్లు ఉన్నారు. దత్తత ఇచ్చేశామని కాగితం తెచ్చినవాళ్లు ఉన్నారు. ఆ బిడ్డ నాది కాదని రిటర్నింగ్ అధికారి ముందు చెప్పిన తండ్రి కూడా ఉన్నాడని నర్సమ్మగారు నాతో అన్నారు. అన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

ఇవి ఒక్క తాలూకా ముచ్చట్లు కావు. నిర్మలా బుచ్ అని పాత ఐఏఎస్ అధికారిణి, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి అయిదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఫలితాల మీద అధ్యయనం చేయించారు. వదిలేసిన భార్యలు, తీయించుకున్న కడుపులు, దాచిన బిడ్డలు అందులోనూ కనపడ్డారు. సుప్రీంకోర్టు మాత్రం 2003లో, హర్యానా నుంచి వచ్చిన జావేద్ కేసులో, ఈ నిబంధన సబబే అన్నది. అలా గెలిచిన హర్యానా కొద్ది ఏళ్లలోనే తనంతట తాను ఎత్తేసింది. హిమాచల్, మధ్యప్రదేశ్ ఎత్తేశాయి. మనం ఉంచుకున్నాం.

నవ్వాలో ఏడవాలో తెలియని విషయం ఒకటుంది. మన చట్టం అమల్లోకి వచ్చిన 1994 మే నెల నుంచి లెక్కపెట్టి నాలుగు నెలలకు, సెప్టెంబరులో, కైరోలో జనాభా మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. 179 దేశాలు కూర్చుని, ఎంతమందిని కనాలో ఎప్పుడు కనాలో తేల్చుకోవలసింది ఆ దంపతులూ ఆ మనిషీనే, సర్కారు బెత్తం పట్టుకోకూడదని ఒప్పుకున్నాయి. భారతదేశమూ ఒప్పుకుంది. 1996 నుంచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పైనుంచి లక్ష్యాలు పెట్టబోమని ఢిల్లీ ప్రకటించింది. మరుసటేడే, 1997లో, ఆంధ్రప్రదేశ్ సొంత జనాభా విధానం ప్రకటించుకుంది. లక్ష్యం అన్న మాట పోయింది. "మీ సబ్‌సెంటర్ నుంచి ఎన్ని కేసులు?" అన్న మాట పోలేదు.

ఆ 'కేసులు' అన్నవాళ్లు మనుషులు. అంతా ఆడమనుషులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఆ లెక్క 38. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతానికి చేరవు. వేసెక్టమీ సులువు, కోత చిన్నది, ప్రమాదం తక్కువ. అయినా ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లకు ఎన్నికల్లో జవాబు చెప్పుకోవలసి వచ్చాక, మగవాడి జోలికి పోయే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేకపోయింది. మగవాడు ఓటు వేసి కోపం తీర్చుకుంటాడని తెలుసు. ఆడవాళ్లు మూటాముల్లె సర్దుకుని క్యాంపుకు వస్తారనీ తెలుసు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ క్యాంపులో కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేసి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టాక, 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు మానేయమన్నది. నేను చెప్పేదేమంటే, ఆ మాట ఏ శాసనసభలోనైనా ముందే పుట్టి ఉండాలి. ఆపరేషన్ బల్లల లెక్క, డాక్టర్ల లెక్క, ఒక్కో మనిషికి పట్టే నిమిషాల లెక్క అన్నీ సభకు అందుబాటులో ఉండేవే. గుణించి చూసే సభ్యుడే లేడు.

ఇరవై ఆరేళ్లలో ప్రశ్నోత్తరాల సమయంలో ఈ విషయం మీద నేను విన్న ప్రశ్నలు మూడు రకాలు. ఎన్ని ఆపరేషన్లు చేశారు? ప్రోత్సాహకం డబ్బు ఎప్పుడిస్తారు? మా నియోజకవర్గానికి లేడీ డాక్టరు ఎప్పుడొస్తారు? మూడోది మంచి ప్రశ్న. దానికి జవాబు ఎప్పుడూ "పరిశీలనలో ఉన్నది అధ్యక్షా".

అనుబంధ ప్రశ్న అనేది ఉంది చూశారూ, అది శాసనసభ్యుడి చేతిలో కొడవలి లాంటిది. మంత్రిగారు కాగితం చూసి చదివిన జవాబు మీద లేచి ఇంకో ప్రశ్న వేయొచ్చు. తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లు ఎందుకవుతున్నాయి? గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది ఎందుకున్నారు? నలభై నిండకుండా గర్భసంచి పోయిన కూలిమనిషికి ఎముకల నొప్పులు ఏ పథకం చూస్తుంది? మా వైపు పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో నూటికి పన్నెండుమందికి పైగా తల్లులో గర్భవతులో అయి ఉన్నారని మీ సర్వేయే చెప్తోంది, మరి కౌమారదశ ఆరోగ్యం పద్దు కింద నిరుడు ఎంత ఖర్చుపెట్టారు, ఎంత వెనక్కి పంపారు? ఇవి అడగడానికి విప్లవం అక్కర్లేదు. లైబ్రరీలో ఒక గంట చాలు. పద్దులు చర్చ లేకుండా గిలెటిన్ కిందికి వెళ్లి మూజువాణి ఓటుతో పాసయిపోయే రోజున మా గ్యాలరీలో సగం కుర్చీలు ఖాళీ. కింద ముప్పాతిక.

చట్టంలో ఒక్క మాట మారితే ఏమవుతుందో చెప్తాను. అబార్షన్ చట్టం 1971లో వచ్చింది. మహారాష్ట్ర మంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసి, నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని చచ్చిపోతున్న వాళ్ల గురించి ఆలోచించి తెచ్చిన చట్టం. అప్పటికి చాలా దేశాలకన్నా ముందున్నాం. కాని గర్భనిరోధక సాధనం విఫలమై కడుపొస్తే అన్నచోట "వివాహిత స్త్రీ గాని, ఆమె భర్త గాని" వాడిన సాధనం అని రాశారు. పెళ్లికానిదానికి సాధనమూ లేదు, వైఫల్యమూ లేదు. యాభై ఏళ్లపాటు ఆ రెండు మాటల వల్ల ఎంతమంది ఆడపిల్లలు రాత్రిపూట దొడ్డిదారిన నర్సమ్మ తలుపు తట్టారో! "లోపలికి రానిచ్చేదాన్ని బాబూ, పెద్దాసుపత్రికి వెళ్లమనేదాన్ని. అక్కడ మొగుడి పేరు అడుగుతారని సగంమంది వెళ్లేవాళ్లు కాదు" అన్నారామె. ఆ సగంమంది ఎక్కడికి వెళ్లారో ఆమె రిజిస్టరులో లేదు.

2021లో పార్లమెంటు ఆ రెండు మాటలు తీసి "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి" అని మార్చింది. కొన్ని వర్గాల స్త్రీలకు గడువు ఇరవై వారాల నుంచి ఇరవై నాలుగుకు పెరిగింది. పేరు బయటపెట్టకూడదన్నారు. ఆ ఇరవై నాలుగు వారాల జాబితాలో పెళ్లికానివాళ్లు ఉన్నారా లేరా అన్న తగువు వస్తే, 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఉన్నారని తేల్చింది. మెచ్చుకోవలసిందే. కాని ఇప్పటికీ, ఆమె అడిగింది కాబట్టి చేయాలని చట్టంలో లేదు. డాక్టరుకు అలా తోచాలి. తోచకపోతే భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద గర్భస్రావం నేరం, ఆ స్త్రీ కూడా నేరస్తురాలే. పద్దెనిమిది నిండని పిల్ల వస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పాలి. పోలీసులంటే భయపడి ఆ పిల్ల అసలు ఆసుపత్రికే రాదు. పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వొచ్చని కోర్టు అన్నది, ఆ సంగతి మండల ఆసుపత్రి దాకా వచ్చిందో లేదో తెలుసుకోవలసినవాడు మీ ఎమ్మెల్యే. ఈసారి కనపడితే అడగండి.

ఆడపిల్లల పెళ్లి వయసు ఇరవై ఒకటి చేస్తామన్న బిల్లు 2021 డిసెంబరులో లోక్‌సభకు వచ్చి, స్థాయీ సంఘానికి వెళ్లి, లోక్‌సభ గడువుతో పాటు 2024లో మురిగిపోయింది. దాని గురించి ఎక్కువ చెప్పను. పద్దెనిమిదికే పట్టుకోలేనివాళ్లు ఇరవై ఒకటికి పరుగెత్తడం ఏమిటన్నది నా అభిప్రాయం.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. 2025లో తెలంగాణ మంత్రివర్గమూ అదే నిర్ణయం తీసుకుంది. నేను సంతోషించాలి కదా. కారణం చదివాక సగం సంతోషం పోయింది. ఆ నిబంధన వల్ల ఆడవాళ్లకు అన్యాయం జరిగిందని కాదు ఎత్తేసింది. సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయింది, ముసలివాళ్లు పెరుగుతున్నారు అని. దాని వెనక నియోజకవర్గాల పునర్విభజన భయం కూడా ఉంది. 1971 జనాభా లెక్కల మీద బిగించి ఉంచిన లోక్‌సభ సీట్లు రేపు విప్పితే, పిల్లల్ని తగ్గించుకున్న దక్షిణాది నష్టపోతుందని. ఆ భయంలో న్యాయం ఉంది, కాదనను. కాని సీట్ల బాకీ గర్భాలతో తీర్చాలా? నిబంధన ఎత్తేయడానికి ముందు నెల, 2024 అక్టోబరులోనే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగారు, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీచేసేలా చట్టం తెద్దామా అన్నారు. మరుసటేడు ఉత్తరాంధ్ర ఎంపీ ఒకరు మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తానన్నారు. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని గోడల మీద రాయించింది ఈ సర్కార్లే. ఆ రంగు ఇంకా కొన్ని గోడల మీద వెలిసిపోకుండా ఉంది. నూటికి డెబ్భైమందికి ఆపరేషన్లు చేసేసి, ఇప్పుడు మూడోదాన్ని కనమంటే ఎవరు కంటారన్న అంకగణితం కూడా ఎవరూ వేయలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో నిబంధన ఎత్తేసే బిల్లు పాసైన వారం నేను తాళ్లరేవు వైపు ఒక ఊరు వెళ్లాను. నర్సమ్మగారు చాలా ఏళ్ల కిందట నాకు పరిచయం చేసిన ఒకావిడ ఉంది అక్కడ. 1995లో మహిళా రిజర్వేషన్‌లో వార్డు మెంబరుగా గెలిచింది. 1997లో మూడో కాన్పు. అవతలివాళ్లు పిటిషన్ పెట్టారు, మెంబరీ పోయింది. ఆ పిల్లాణ్ణి ఊళ్లో చాలాకాలం 'డిస్మిస్‌గాడు' అని పిలిచారు. ఇప్పుడు వాడు దుబాయిలో ఏసీ మెకానిక్కు.

చట్టం ఎత్తేశారమ్మా అని చెప్పాను. గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. తల ఎత్తలేదు.

"దేనికి ఎత్తేశారండి?"

"జనాభా తగ్గిపోతోందని. ఇంకా కనమంటున్నారు."

"అప్పుడు ఎక్కువైందన్నారు."

"అవును."

కాసేపు చేప పొలుసు గీకింది. లోపల కోడలు పిల్లకు అన్నం తినిపిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేను అలవాటు కొద్దీ, విలేకరి బుద్ధి పోదు కదా, మీ కోడలికి ఎంతమంది, మూడో బిడ్డను కంటుందా అని అడిగాను. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"అదిగో, లోపలే ఉందండి. కంటాదో మానుతాదో నన్నడుగుతారేంటి, దాన్నడగండి."